గిటారు మీది లక్కపూత

సికింద్రాబాదు పట్టణము 1806వ సంవత్సరమున మూడవ నిజామగు సికందర్ జా పేర వెలసినది. ఆంగ్లేయుల సైన్యము విడిసిన దండు ప్రాంతమగుటచే అచటికి సైనికులతో పాటు వారి ఆటలును, పాటలును, వాద్యములును వచ్చి చేరినవి. 1874లో వాడి నుండి రైలుమార్గము వచ్చిన పిదప రైల్వే ఉద్యోగుల నివాసములు పెరిగినవి. లాలాగూడ, మెట్టుగూడ మున్నగు చోట్ల కాపురమున్న ఆంగ్లో ఇండియను కుటుంబములందు పాటయు, నాట్యమును నిత్యకృత్యములు. ఆ ఇండ్లలోను, చర్చీలలోను మ్రోగిన గిటారు క్రమముగా పట్టణమంతటను వ్యాపించినది. నేడది ఏ ఒక్క వర్గమునకో చెందిన వాద్యము కాదు. మన చలనచిత్ర గీతములలో దానికి స్థానమున్నది. పాఠశాలల వార్షికోత్సవములలో దానిని చేబూనని జట్టు అరుదు.

వీణను మనము ఎంత ఆదరముతో చూతుమో అందరకును తెలియును. దానిని నేల మీద ఊరక పడవేయము. కాలు తగిలినచో కన్నుల కద్దుకొందుము. వాయించిన పిదప గలేబు కప్పి భద్రపరతుము. గిటారునకు మాత్రము ఈ భాగ్యము సాధారణముగా కలుగుట లేదు. అది గోడ మూలను చేరగిలబడి యుండును. కిటికీ ప్రక్కన ఎండలో కాగుచుండును. చెమట చేతులతో ఎవరెవరో తాకుచుందురు. తంత్రులు శ్రుతి తప్పినచో వెంటనే సవరించువాడు సయితము దాని దేహముపై నిగనిగలాడు పూతను గూర్చి తలపడు. ఇది యుచితము కాదు. తెగిన తంత్రిని మార్చుకొనవచ్చును. వదులైన బిరడాను బిగించుకొనవచ్చును. కాని ఒక్కసారి కరగిపోయిన పూతను మునుపటివలె చేయుట నేర్పరియైన పనివానికిని కష్టము. ఆ పూత ఎట్టిదో, ఏమి చేసిన నిలుచునో, ఏమి చేసిన నశించునో తెలిసికొనుట గిటారు కలిగిన ప్రతి విద్యార్థికిని అవసరము.

గిటారునకు పూత యేల? అందమునకని పలువురు తలచెదరు. అందము దాని ప్రయోజనములలో ఒకటి మాత్రమే. గిటారు లోపల బోలుగా నున్న కొయ్యపెట్టె. తంత్రిని మీటినపుడు దాని కదలిక ముందరి పలకకు చేరి, ఆ పలక కంపించుటచే లోపలి గాలియు కంపించి, నాదము మనకు వినబడును. ముందరి పలక మందము సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే. సాధారణముగా దానిని స్ప్రూస్ అను శీతల దేశపు వృక్షముతో చేయుదురు. ప్రక్కలకును, వీపునకును మన దక్షిణ భారతపు అడవులలో పెరుగు జిట్టేగి మ్రానును ప్రపంచమందలి పెక్కుమంది పనివారు వాడుచున్నారు. స్పెయిను దేశమున 1817 మొదలు 1892 వరకు జీవించిన ఆంటోనియో దె టోరెస్ అను ప్రసిద్ధ శిల్పి నాదమునకు ముందరి పలకయే ప్రధానమని చూపుటకై 1862లో ఒక వింత గిటారును నిర్మించెను. దాని ముందరి పలక మాత్రమే కొయ్య. వీపును, ప్రక్కలును కాగితపు గుజ్జుతో అతికిన అట్ట! అట్టి ప్రధానమైన పలక పలుచగా నుండుటచే మిక్కిలి సుకుమారమైనది. కొయ్యలోని సన్నని రంధ్రములలో చెమటయు, నూనెయు, మురికియు చేరినచో మరల వెలికి రావు. గాలిలోని తేమను కొయ్య పీల్చుకొన్నచో ఉబ్బును. తేమను కోల్పోయినచో ముడుచుకొనును. ఈ మార్పులు హఠాత్తుగా జరుగకుండ అడ్డుపడునదియే పూత.

అట్లయినచో పూతను దట్టముగా వేయరాదా అని మీరు ప్రశ్నింపవచ్చును. వేయరాదు. గొంగడి కప్పిన డోలు ఎట్లు మ్రోగునో దట్టమైన పూత వేసిన గిటారు అట్లే మ్రోగును. బరువెక్కిన పలక స్వేచ్ఛగా కదలలేదు. కనుక మంచి పనివారు పూతను ఎంత పలుచగా వేయనగునో అంత పలుచగా వేయుదురు. మేలైన గిటారుపై దాని మందము ఇంచుమించు ఒక మిల్లీమీటరులో పదవ వంతు. అనగా తలవెండ్రుక కంటె కొంచెము మాత్రమే ఎక్కువ. అంత పలుచని పొర ఏండ్ల తరబడి వాద్యమును కాపాడుచున్నది. దానిని కాపాడవలసిన బాధ్యత మనది.

గిటారులకు వేయు పూతలు ముఖ్యముగా మూడు విధములు. వాటిలో మొదటిది మనకు చిరపరిచితమైన లక్క. సంస్కృతమున లాక్ష యనునదియే తెలుగున లక్క యైనది. ఆంగ్లేయులు ఇట్టి పూతలకు వాడు లాకరు అను పేరును ఈ మాట నుండియే పుట్టినది. పాండవులను దహింపదలచి దుర్యోధనుడు వారణావతమున పురోచనునిచే కట్టించిన లక్కయింటి కథ మీరు చదివియే యుందురు. మోదుగ, రేగు మొదలగు చెట్ల లేతకొమ్మలపై నివసించు మిక్కిలి చిన్న పురుగులు చెట్టు రసమును పీల్చి, తమ శరీరమును కప్పుకొనుటకై ఒక జిగురు పదార్థమును స్రవించును. దానిని కొమ్మల నుండి గీకి, కడిగి, కరగించి, పలుచని రేకులుగా సాగదీయుదురు. లక్క సేద్యమునకు మన దేశము ప్రపంచమున పేరుపడినది. 1924లో రాంచీ సమీపమునందలి నామ్‌కుంలో దీని పరిశోధనకై ఒక సంస్థ ఏర్పడినది. పూర్వము గ్రామఫోను రికార్డులను సయితము లక్క కలిపిన ముద్దతోనే అచ్చువేసెడివారు.

మన తెలుగు సీమలో లక్క పనికి పేరొందిన గ్రామము ఏటికొప్పాక. వరాహ నదీ తీరమున నున్న ఆ గ్రామమున అంకుడు కర్రను తరిమెనకు బిగించి, అది గిరగిర తిరుగుచుండగా రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఒత్తుదురు. రాపిడి వలన పుట్టిన వేడికి లక్క కరగి కర్రకు పట్టుకొనును. పిదప మొగలి ఆకుతో రుద్దగా బొమ్మకు నిగ్గు వచ్చును. గిటారునకు లక్కను పూయు విధానము వేరు. గిటారు తిరుగు బొమ్మ కాదు గదా! అందువలన లక్క రేకులను స్పిరిటులో నానవేసి కరగింతురు. ఆ ద్రవమును దూది పొదిగిన గుడ్డ ఉండతో అద్ది, కొయ్యపై సున్నితముగా గుండ్రముగా రుద్దుదురు. స్పిరిటు ఆవిరియై పోవును. లక్క మాత్రము మిగులును. ఇట్లు ఎన్నో రోజులు, ఎన్నో పొరలు వేసిన పిదప అద్దము వంటి మెరుపు వచ్చును. శ్రమయెక్కువైనను మేలైన స్పానిష్ గిటారులకు నేటికిని ఈ పూతయే వేయువారు కలరు.

రెండవ విధమగు పూత ప్రత్తి నుండి పుట్టినది. తెలంగాణపు నల్లరేగళ్ళలో పండు ప్రత్తిని ఎరుగనివారు లేరు. శుభ్రమైన ప్రత్తిని నత్రికామ్లము, గంధకికామ్లముల మిశ్రమమున తడిపినచో అది చూపునకు ప్రత్తివలెనే యుండి, గుణమున పూర్తిగా మారిపోవును. దీనిని 1846లో షోన్‌బైన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు లోకమునకు తెలిపెను. నిప్పు తగిలినంతనే భగ్గున మండుటచే దీనిని తుపాకి మందునకు బదులుగా వాడజూచిరి. తరువాత అమ్ల ప్రభావము కొంత తక్కువగా నుండునట్లు చేసిన ప్రత్తిని తగిన ద్రవములలో కరగించి పూసినచో, ద్రవము ఆరిపోయి గాజు వంటి పొర మిగులునని కనుగొనిరి. 1923లో అమెరికా దేశపు డ్యుపాంట్ సంస్థ డ్యూకో అను పేరుతో ఇట్టి పూతను మోటారు బండ్లకై సిద్ధపరచెను. అంతకు ముందు వారముల కొలది ఆరవలసిన బండి రంగు ఇపుడు అతి త్వరలో ఆరసాగినది. ఆ దశకముననే గిటారు నిర్మాతలును దీనిని గైకొనిరి. 1833లో జర్మనీ నుండి అమెరికాకు వలసపోయిన మార్టిన్ అను పనివాడు నెలకొల్పిన ప్రసిద్ధ కర్మాగారమును లక్కను విడిచి ఈ నూతనపు పూతకు మారినది. దీని పేరు నైట్రోసెల్యులోసు లాకరు.

మూడవ విధమైనది ఇటీవలి కాలపు ప్లాస్టిక్ జాతి పూత. పాలియెస్టరు, పాలియురితేను అనునవి ఈ జాతివి. ఇవి ఆరునపుడు రసాయనిక చర్య వలన గట్టిపడును గాన మరల ఏ స్పిరిటునకును తేలికగా లొంగవు. నేడు తక్కువ వెలకు దొరకు గిటారులలో చాల భాగము వీనితో పూసినవే. ఇవి గట్టివి, కాని దెబ్బతగిలి పెచ్చులూడినచో అతుకుట కష్టము. లక్కయు, నైట్రోసెల్యులోసు లాకరును దీనికి భిన్నములు. అవి ద్రవము ఆవిరియగుటచే గట్టిపడినవి కావున ఆ ద్రవము మరల తగిలినచో మరల కరగును. వాటి బలమును, బలహీనతయు ఈ ఒక్క గుణముననే యున్నవి. కొత్త పూత వేసినపుడు పాత పొర కొంచెము కరగి కొత్తదానితో ఏకమగును. అందుచే వీనిని బాగుచేయవచ్చును. కాని అజాగ్రత్తగా ఒలికిన ఒక్క చుక్క స్పిరిటు అదే విధముగా పూతను తినివేయును.

మీ గిటారుపై నున్నది ఏ పూత? దీనిని నిర్ణయించుటకు స్పిరిటు అద్ది చూడుమని చెప్పువారు కలరు. ఆ మాట వినకుడు. పరీక్షయే నాశనమగు పరీక్ష యది. అమ్మినవారినో, నిర్మాత ముద్రించిన వివరపత్రమునో అడిగి తెలిసికొనుట మేలు. ఎంత ప్రయత్నించినను తెలియనిచో, సున్నితమైన పూతయే యని భావించి నడచుకొనవలెను. గట్టి పూతను సున్నితముగా చూచుటచే నష్టము లేదు. సున్నితమైన దానిని మోటుగా చూచినచో నష్టము తీరదు.

ఇపుడు పూతకు కలుగు కీడులను గూర్చి విచారింతము. మొదటిది మన చేతి చెమట. చెమటలో ఉప్పును, కొన్ని ఆమ్లములును కలవు. వాయించునపుడు కుడి ముంజేయి గిటారు అంచుపై ఆనుకొని యుండును. గంటల కొలది ఆనిన చోట పూత మసకబారి, జిగటగా మారి, తుదకు ఊడిపోవును. నిండు చేతుల చొక్కా తొడుగుట గాని, ముంజేతి క్రింద శుభ్రమైన నూలుగుడ్డ వేసికొనుట గాని దీనికి సులభమైన ఉపాయము. చొక్కా గుండీలును, నడికట్టు బిళ్ళయు గిటారు వీపును గీరకుండ చూచుకొనవలెను.

రెండవది దుమ్ము. దుమ్మును అల్పమైనదిగా ఎంచరాదు. సికింద్రాబాదు చుట్టునున్న మౌలాలీ గుట్ట వంటి కొండలన్నియు నల్లరాతి జాతికి చెందిన గ్రానైటు శిలలు. అవి యుగయుగములుగా అరిగి ఇసుకయైనవి. ఆ ఇసుకలోని స్ఫటిక రేణువులు ఉక్కు కత్తిని సయితము గీరగలవు. గాలికి ఎగిరివచ్చి గిటారుపై వ్రాలిన దుమ్మున ఇట్టి రేణువులు లేకపోవు. పొడిగుడ్డతో ఒత్తి తుడిచినచో ఆ గుడ్డయే గరుకు కాగితమగును. కావున మొదట మెత్తని కుంచెతో దుమ్మును దులిపి, పిదపనే గుడ్డతో తుడువవలెను.

మూడవది మన ఇండ్లలో నిత్యము వాడబడు ద్రవములు. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినపుడు ఇంటింటను చేతులకు పూసికొను స్పిరిటు ద్రవము వాడుకకు వచ్చినది. అది ఆరకముందే గిటారును పట్టుకొన్నచో లక్కపూతపై వ్రేళ్ళ గుర్తులు శాశ్వతముగా నిలుచును. దోమలు కుట్టకుండ ఒంటికి పూసికొను మందులలో కొన్నింట డీట్ అను రసాయనము కలదు. అది నైట్రోసెల్యులోసు లాకరును మెత్తబరచి పాడుచేయును. సాయంకాలమున మందు పూసికొని ఆరుబయట వాయించువారు ఇది గుర్తుంచుకొనవలెను. పెట్రోలు, థిన్నరు, గోళ్ళరంగును తుడుచు ద్రవము మొదలైనవి గిటారున్న గదిలోనికే రానీయకుండుట మంచిది. కర్పూరము విషయమును చెప్పవలసియున్నది. పురుగులు పట్టకుండ పెట్టెలలో కర్పూరపు బిళ్ళలు వేయుట మనకు అలవాటు. అయితే ఆమ్లములతో మార్చిన ప్రత్తిని మెత్తబరచి సెల్యులాయిడు అను పదార్థమును చేయుటకు పందొమ్మిదవ శతాబ్దమున వాడినది కర్పూరమే. అట్టి కర్పూరమును మూసిన పెట్టెలో లాకరు గిటారుతో కలిపి యుంచుట వివేకము కాదు.

నాల్గవది రబ్బరు, రెక్సిను వంటి వస్తువుల స్పర్శ. ఇది చాలమందికి తెలియదు. గిటారును నిలుపు ఇనుప స్టాండునకు మెత్తదనముకై రబ్బరు గొట్టములు తొడుగుదురు. రబ్బరులోను, మెత్తని ప్లాస్టిక్కులోను వాటిని మెత్తగా నుంచు నూనె వంటి పదార్థములు కలసియుండును. అవి మెల్లగా బయటకు వచ్చి లాకరులోనికి ప్రవేశించును. కొన్ని వారములు కదపకుండ నిలిపినచో తాకిన చోట పూత కరగి నల్లని మచ్చ పడును; ఒక్కొక్కప్పుడు గిటారు స్టాండునకే అంటుకొనును. ఆ గొట్టములపై పాత నూలుపంచె ముక్కను చుట్టినచో ఈ యాపద తొలగును. భుజమునకు తగిలించు రెక్సిను పట్టీని వాయించిన పిదప విప్పి వేరుగా నుంచవలెను. బొమ్మల కాగితములను అతికించుటయు తగదు; జిగురు పూతను పట్టుకొని దానితోనే ఊడివచ్చును.

ఐదవది ఎండ. సముద్ర మట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్న ఈ పీఠభూమిపై ఏప్రిల్, మే మాసములలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటు దినములు సామాన్యము. అట్టి దినమున ఎండలో నిలిపి అద్దములు మూసిన మోటారు బండి లోపల వేడి 60 డిగ్రీలకు మించవచ్చును. ఆ వేడికి లక్క మెత్తబడును. పెట్టె లోపలి గుడ్డ నేత పూతపై అచ్చుపడును. అంతకంటె ఘోరమైనది మరియొకటి కలదు. గిటారు భాగములను అతికిన జిగురు సడలి, తంత్రుల బిగువునకు తంత్రులు కట్టిన కొయ్యదిమ్మ లేచిపోవును. ఎండ వెలుతురు వేడి లేకున్నను కీడు చేయును. ఏండ్ల తరబడి వెలుతురు సోకిన లాకరు పసుపువన్నెకు తిరిగి పెళుసగును. కిటికీకి ఎదురుగా గోడకు వ్రేలాడదీయుట అందుచేతనే నిషిద్ధము.

ఆరవది తేమ, దాని కొరత. గాలిలోని తేమ నూటికి 45 మొదలు 55 పాళ్ళ వరకు ఉన్నచో గిటారు సుఖముగా నుండును. కాని మన వేసవి మధ్యాహ్నములలో అది 30 పాళ్ళకు దిగువకు జారు దినములు కలవు. వానకాలమున 80 పాళ్ళు దాటును. గిటారు వెలుపల పూత కలదు గాని లోపల సాధారణముగా లేదు. అందువలన కొయ్య లోపలి నుండి తేమను పీల్చుచు, విడుచుచునే యుండును. పూత ఈ మార్పును నెమ్మదిగా జరుగునట్లు చేయును గాని పూర్తిగా ఆపలేదు. కొయ్య తన ఈనెలకు అడ్డముగా ఉబ్బును, ముడుచుకొనును. నిడివిలో అంతగా మారదు. పెళుసుబారిన పూత కొయ్యతో పాటు సాగలేక సన్నని గీతలుగా చిట్లును. పూత చిట్లుటతో ఆగినచో అదృష్టమే. ఎండిన పలకయే నిలువున పగిలినచో వాద్యము మూగవోవును.

దీనికి ఏమి చేయవలెను? వాయించనప్పుడు గిటారును గట్టి పెట్టెలో మూసియుంచుటయే ప్రథమోపాయము. మూసిన పెట్టె ఒక చిన్న గది వంటిది. బయటి గాలి ఎంత త్వరగా మారినను లోపలి గాలి మెల్లగా మారును. వేసవిలో, రంధ్రములు చేసిన సబ్బుపెట్టెలో స్పంజి ముక్కను తడిపి, నీరు ఒక్క చుక్కయు కారకుండునట్లు గట్టిగా పిండి, గిటారు మెడ దాపున పెట్టెలో నుంచవలెను. మూడు నాలుగు దినముల కొకసారి చూచి మరల తడుపవలెను. వానకాలమున స్పంజిని తీసివేసి, తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములను ఉంచవలెను. గాలిలోని తేమను కొలుచు చిన్న పరికరము స్వల్పమైన వెలకే దొరకును. దానిని పెట్టెలో నుంచినచో ఊహపై ఆధారపడనక్కరలేదు. వేసవిలో మన ఇండ్లలో వాడు నీటి కూలరు ఎదుట గిటారును పెట్టరాదు. పగలంతయు ఎండిన కొయ్యపై తడిగాలి ఒక్కసారిగా కొట్టుట దానికి పెద్ద తాపు. వానకాలమున బయటి గోడలు చెమ్మగిల్లును గాన గోడకు ఆనించియు నుంచరాదు.

చలి దేశము నుండి గాని, విమానపు సరకుల అర నుండి గాని గిటారు వచ్చినపుడు పెట్టెను వెంటనే తెరచు నాత్రము కూడదు. చల్లని పూతకు వేడిగాలి తగిలినచో అది హఠాత్తుగా వ్యాకోచించి సాలెగూడు వలె చిట్లును. పెట్టెను గదిలో కొన్ని గంటలు మూసియే యుంచి, లోపలిది గది వేడిమికి వచ్చిన తరువాత తెరవవలెను. శీతల యంత్రమున్న గది నుండి మిట్టమధ్యాహ్నపు ఎండలోనికి తీసికొనిపోవునపుడును పెట్టెలోనే తీసికొనిపోవలెను.

నిత్యము చేయవలసిన సేవ మిక్కిలి స్వల్పము. వాయించుటకు ముందు చేతులు కడిగికొని పూర్తిగా తుడుచుకొనవలెను. వాయించిన తరువాత, పలుమార్లు ఉతికి మెత్తబడిన నూలుగుడ్డతో తంత్రులను, మెడను, ముంజేయి ఆనిన చోటును, గడ్డము తగులు చోటును తుడువవలెను. దీనికి ఒక నిమిషమైనను పట్టదు. మచ్చ కనబడినచో దానిపై నోటి ఆవిరి పట్టి గుడ్డతో మెల్లగా తుడిచిన చాలును. అప్పటికిని పోనిచో గుడ్డ కొనను నీటితో తడిపి, గట్టిగా పిండి, ఆ చోట తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చవలెను. తుడుచు గుడ్డను తరచుగా ఉతుకవలెను. మురికి గుడ్డ మురికిని పంచునే గాని తీయదు.

మెరుపు కొరకు కొబ్బరినూనె పూయువారును, దంతధావన చూర్ణముతో రుద్దువారును కలరు. నూనె పూత చిట్లిన గీతలలో దిగి కొయ్యను మరకపరచును. దుమ్మును పట్టి యుంచును. పండ్లపొడిలోని గరుకుదనము పలుచని పూతను అరుగదీయును. బల్లలకు, బండ్లకు వాడు మెరుగుమందులలో సిలికోను కలదు. అది తాకిన చోట తరువాత ఎన్నడైనను మరమ్మతు చేయవలసి వచ్చినచో కొత్త లాకరు అంటుకొనదు. నేడు మెరియునని పూసినది రేపటి చికిత్సకు అడ్డమగును.

ఇంత జాగ్రత్త పడినను ఎప్పుడో ఒకప్పుడు పూతకు హాని కలుగవచ్చును. అపుడు తొందరపడరాదు. వానకాలమున పూతపై తెల్లని పొగ వంటి మసక కనబడినచో అది తేమ చిక్కుకొనుటచే కలిగినది కావచ్చును. పొడిగాలి తగులు నీడపట్టున కొన్ని దినములుంచినచో తనంత తానే తగ్గుటయు కలదు. పెచ్చు లేచినచో గోటితో గిల్లరాదు. గిల్లిన కొలది పెచ్చు పెద్దదగును. సన్నని గీత కనబడినపుడు అది పూతలో పడినదా, కొయ్యలో పడినదా యని తెలిసికొనుట ముఖ్యము. గిటారు లోపల చిన్న దీపము నుంచి, నాద రంధ్రము గుండ అద్దముతో పలక అడుగు భాగమును పరికించినచో కొయ్య పగులు లోపలి వైపునను కనబడును. ఈ పరీక్షకు వాడు దీపము బ్యాటరీ దీపమై యుండవలెను. నైట్రోసెల్యులోసు ఎంత త్వరగా మండునో పైన చెప్పితిమి గదా! కొయ్య పగిలినచో తంత్రులను సడలించి వాద్యములను బాగుచేయు పనివాని కడకు తీసికొనిపోవలెను. పూత మాత్రమే చిట్లినచో నాదమునకు హాని లేదు. దానిని వయస్సు తెచ్చిన ముడుతగా ఎంచి ఊరకుండుటయే మేలు.

పాత గిటారులను గూర్చి ఒక మాట. కొందరి ఇండ్లలో తాతల నాటి గిటారు లుండును. వాటి పూత ముంజేయి ఆనిన చోట అరిగి, మిగిలిన చోట పసుపు తిరిగి, సన్నని గీతలతో నిండియుండును. ఆ మసకను చూచి సిగ్గుపడి, గరుకు కాగితముతో పాతపూతనంతయు గీకి, కొత్త రంగు వేయింపబూనువారు కలరు. అది మిక్కిలి విచారకరమైన పని. గరుకు కాగితము పూతతో ఆగదు. 3 మిల్లీమీటర్ల పలకను గూడ పలుచబరచును. ఆపైన దట్టమైన కొత్త రంగు పడినచో ఏండ్ల తరబడి పలికిన నాదము మారిపోవును. వెలయు తగ్గును. ఏ వెలకును మరల కొనరానిదియు ఒకటి పోవును. గడపరాతిపై పడిన అడుగుల అరుగుదల ఆ ఇంటి చరిత్ర యగునట్లు, వాద్యముపై పడిన అరుగుదల దానిని వాయించినవారి చరిత్ర. దానిని శుభ్రముగా నుంచవలెను గాని చెరిపివేయరాదు.

పూతను కాపాడుట యనగా గిటారును ముట్టకుండ పెట్టెలో దాచుట కాదు. వాయింపని వాద్యము కొయ్య మాత్రమే. ప్రతిదినము తీయుడు; శ్రుతిచేయుడు; సంతోషముగా వాయింపుడు; వాయించిన పిదప తుడిచి పెట్టెలో నుంచుడు. చెట్టుకొమ్మపై పురుగు కూర్చిన లక్కయు, రైతు పండించిన ప్రత్తియు, అడవిలో పలు దశాబ్దములు పెరిగిన మ్రానును, పనివాని నెలల శ్రమయు ఒకచోట చేరగా ఏర్పడినది ఆ వాద్యము. దానిని పాడుచేయుటకు ఒక్క క్షణపు అజాగ్రత్త చాలును. దానిని నిలుపుటకు దినమునకు ఒక్క నిమిషపు శ్రద్ధ చాలును. ఆ నిమిషమును వెచ్చించు విద్యార్థి చేతిలోని గిటారు అతని తరువాతివారి చేతిలోను చక్కగా పలుకును.